కరెంటు కడుపుతో టేకులపల్లి భోజనానికి

నా కడుపుకు కరెంటు పెట్టించుకుని ఏడు నెలలైంది. ఈ మాట చెప్పగానే కొందరు షాక్ కొడుతుందేమోనని ఒక అడుగు వెనక్కి వేస్తారు. మిగిలినవాళ్లు ఒక అడుగు ముందుకు వేసి "ఏదీ, చూపించండి" అంటారు. మా ఊరు మధిర నుంచి భద్రాచలం దాకా మూడు రోజులు తిరిగొచ్చి చెబుతున్నాను, లోకంలో ముందుకు వచ్చేవాళ్లే ఎక్కువ.

నేను ముప్ఫై ఏళ్లు కొత్తగూడెం వైపు బొగ్గుబాయిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాను. బాయిలో మోటార్లు ఆగిపోతే నడిపించినవాణ్ణి, నా కడుపే ఆగిపోయింది. షుగరు వల్ల కడుపు నరాలు చెడ్డాయట. పొద్దున తిన్న ఇడ్లీ సాయంత్రం దాకా ఉన్నచోటే కూచునేది. దాని మీద మధ్యాహ్నం అన్నం వచ్చి పడేది. చివరికి రెండూ కూడబలుక్కుని వచ్చిన దారినే వెనక్కి బయల్దేరేవి. మాత్రలు, కషాయాలు, జావలు అన్నీ అయ్యాయి. ఆఖరికి హైదరాబాదులో ముందు నోట్లోంచి ఒక తీగ కడుపులోకి దించి కొన్నాళ్లు పరీక్ష చేశారు. వాంతులు తగ్గినట్టు కనబడ్డాక ఆపరేషన్ చేసి, పొట్ట చర్మం కింద చిన్న సబ్బుబిళ్లంత బ్యాటరీ పెట్టెను పెట్టి, దాన్నుంచి రెండు తీగలు కడుపు గోడకు కుట్టారు. అది సెకను సెకనుకు చిన్న చిన్న కరెంటు దెబ్బలు వేస్తూ ఉంటుంది. నాకేమీ తెలియదు, చక్కిలిగింత కూడా ఉండదు.

డాక్టరు గారు మాత్రం ముందే చెప్పారు. "ఇది అన్నాన్ని ముందుకు తోసే మోటారు కాదు రాఘవులు గారూ. ముఖ్యంగా మీ వికారాన్ని, వాంతుల్ని తగ్గించడానికి. కొంచెం కొంచెం, మెత్తగా, రోజుకు ఆరుసార్లు తినండి. నూనె, పీచు తగ్గించండి. పెద్ద అయస్కాంతాల దగ్గరికి పోకండి, ఆగిపోవచ్చు." రోజూ అయ్యే వాంతి వారానికి ఒకసారికి దిగింది. అంతకన్నా నాకేం కావాలి?

కావలసింది ఒకటుంది. టేకులపల్లి దగ్గర తండాలో బాలు ఇంట్లో ఒక పూట భోజనం చేయాలి. బాలు నాయక్ నాతో బాయిలో ఇరవై రెండేళ్లు పనిచేశాడు. నేను లైను మీద చెయ్యి పెడితే ఫ్యూజు తీసి జేబులో వేసుకుని నిలబడేది అతనే. నా ప్రాణం అతని జేబులో ఎన్ని షిఫ్టులు ఉందో లెక్కలేదు. రెండేళ్ల కిందట అతని కొత్తింటి గృహప్రవేశానికి వెళ్లాను. అప్పటికి నా రోగం పేరు నాకు తెలియదు. నన్ను అందరికన్నా ముందు కూచోబెట్టి పళ్లెం నిండా వడ్డించారు. ఒక్క ముద్ద నోట్లో పెట్టాను, కడుపు తిప్పింది. "కడుపు బాగాలేదు" అని లేచి, అతని ముఖం కూడా చూడకుండా కారెక్కి వచ్చేశాను.

తండా ఇంట్లో అన్నం తినడం ఇష్టంలేని ప్రతి పెద్దమనిషీ తరతరాలుగా చెబుతూ వచ్చిన సాకు అది. నేను నిజం చెప్పాను, కానీ నా నిజం అచ్చం వాళ్ల అబద్ధంలాగే ఉంది. ఆ రోజు నుంచి బాలు నా ఫోను ఎత్తలేదు. బాలు తల్లి చేతి అన్నం కడుపు నిండా తిని అరిగించుకుని చూపిస్తే తప్ప ఈ మచ్చ పోదని నాకు నేనే తీర్మానించుకున్నాను. మా ఆవిడ సుజాతతో మాత్రం రాముడికి మొక్కుందని చెప్పాను. "మొక్కు రాముడికా, నాటుకోడికా?" అంది. ఆడవాళ్లకు బ్యాటరీ లేకుండానే అన్నీ తెలుస్తాయి.

తల్లాడ: ఒక ఇడ్లీ, నలభై నిమిషాలు

పొద్దున బస్సులో తల్లాడ చేరి స్టాండు దగ్గర హోటల్లో కూచున్నాను. ప్లేటు ఇడ్లీ ముప్ఫై అయిదు రూపాయలు, నాలుగు వస్తాయి. నాకు ఒక్కటే కావాలన్నాను. ఒకటి అమ్మరట. సరే, నాలుగూ తెమ్మని ఒకటి చిదిపి, చట్నీకి దూరంగా జరిపి, చెంచా చెంచాగా తినడం మొదలుపెట్టాను. నా ఎదుటి కుర్చీలో ముగ్గురు మారారు. హోటలాయన రెండుసార్లు వచ్చి చూసి, మూడోసారి కూచున్నాడు.

"ఏంది సారూ, ఇడ్లీ బాగలేదా?"

"బ్రహ్మాండంగా ఉంది."

"మరి గంట సేపాయె, ఒక్కటన్న అయిపోలే. చూసినోళ్లు ఏమనుకుంటరు? పాచిది పెట్టిన్నేమో అనుకుంటరు."

చెప్పక తప్పలేదు. కడుపులో బ్యాటరీ ఉందన్నాను. ఆయన కళ్లు పెద్దవి చేసి, గల్లా వదిలేసి, వంటమనిషిని కూడా పిలిచాడు. వంటమనిషి నా పొట్ట వైపు వంగి "చార్జింగ్ యాడ పెడతరు?" అని అడిగింది. చార్జింగ్ ఉండదమ్మా, కొన్నేళ్లకు అయిపోతే మళ్లీ కోసి మారుస్తారు అన్నాను. "అయ్యో పాపం, గడియారం లెక్కనే" అంది. మధిరలో అయితే "అలాగా అండీ" అని ఊరుకుని, మనం వెళ్లాక మాట్లాడుకుంటారు. ఇక్కడ మన ముందే మాట్లాడుకుంటారు. నాకు ఇదే నయమనిపించింది. మిగిలిన మూడు ఇడ్లీలు ఆయన పొట్లం కట్టి ఇచ్చి, "దారి పొడుగూత తినుకుంట పో సారూ" అన్నాడు. లెక్క ప్రకారం ఆ పొట్లం నాకు మర్నాటి దాకా వస్తుంది.

బస్సులో డీజే బాక్సు

తల్లాడలో ఎక్కిన కొత్తగూడెం బస్సులో ఖాళీగా ఉన్నది ఒకే సీటు. దాని పక్క సీటులో మనిషి కాదు, నడుమెత్తు డీజే బాక్సు కూచుంది. దాని యజమాని పక్కనే నిలబడి తల్లిలాగా పట్టుకున్నాడు. స్పీకరు వెనక ఎంత అయస్కాంతం ఉంటుందో నాకు తెలుసు. నేను కూచోనన్నాను.

"ఏమైతది సార్, కరుస్తదా?" అన్నాడు.

"నాకు కాదు నాయనా, నా మిషన్‌కు."

అంతే, బస్సంతా తిరిగింది. ఒక పెద్దమ్మ నా రోగం మొత్తం విని, వాము, శొంఠి, నల్ల ఉప్పు దంచి పరగడుపున మింగితే ఏ బ్యాటరీ అక్కర్లేదని తేల్చింది. ఒకాయన దీన్ని సోలార్ మీద నడపొచ్చేమో కనుక్కోమన్నాడు. బాక్సాయన మాత్రం కోపంగా, "పెళ్లికి పోవాలె, బాక్సు కిందికి దించ" అని భీష్మించాడు. మహిళా కండక్టరు వచ్చి ఇద్దరినీ చూసి, బాక్సుకు లగేజీ టికెట్టు కొట్టి, నాకు వెనక సీటు ఇప్పించింది. పోతూ పోతూ నా పొట్ట వైపు చూసి, "దానికి గూడ లగేజీ కొట్టమంటరా సార్?" అంది. బస్సు దిగేదాకా నవ్వారు. నేనూ నవ్వాను గానీ, లోపల బెదురుగానే ఉంది. మిషన్ ఆగినా నాకు తెలియదు, హైదరాబాదు వెళ్లి వాళ్ల యంత్రం పొట్ట మీద పెట్టి చూస్తే తప్ప.

కొత్తగూడెం: రెండు ముక్కల ఫోను

కొత్తగూడెంలో దిగితే ఇప్పటికీ నా కాళ్లు షిఫ్టు వైపే నడుస్తాయి. లాడ్జిలో గది ఎనిమిది వందలు. మేనేజరు ఫోను అడిగి తీసుకుని బాలుకు కొట్టాను. ఎత్తాడు.

"బాలూ, నేను రాఘవులును."

పెట్టేశాడు. మేనేజరు జాలిగా చూశాడు. ఫోను తిరిగి ఇవ్వబోతుంటే మోగింది.

"ఎప్పుడొస్తవ్?" అన్నాడు బాలు. పలకరింపు లేదు, పేరు లేదు.

"రేపు."

"ఒంటి గంటకు రా. యాడి వండుతది." మళ్లీ పెట్టేశాడు. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. ఎనభై దాటిన మనిషి. నేను ఆ రాత్రి, మర్నాడు పొద్దున జావ తప్ప ఏమీ ముట్టలేదు. పరీక్షకు పోయే పిల్లాడికి కూడా అంత భయం ఉండదు.

టేకులపల్లి: సప్లయి లేదు

టేకులపల్లి నుంచి తండాకు ఆటో నలభై రూపాయలు. దారి పొడుగునా పత్తి చేలు, వెనక అడవి. బాలు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎదురు రాలేదు, పొమ్మనలేదు. మంచం చూపించి, నీళ్ల చెంబు నా చేతికివ్వకుండా పక్కన పెట్టాడు. అయిదు నిమిషాలు ఇద్దరం కోళ్లను చూశాం.

చివరికి నేనే చొక్కా ఎత్తి మచ్చ చూపించాను. రోగం చెప్పాను, ఆపరేషన్ చెప్పాను, రెండు తీగలు చెప్పాను. బాలు ముఖం పక్కకు తిప్పుకునే విన్నాడు. నేను ఆపాక, కోళ్ల వైపే చూస్తూ అడిగాడు.

"ఎన్ని వోల్టులు?"

రెండేళ్ల తర్వాత నా ముఖాన మొదటి ప్రశ్న! నాకు కళ్లనీళ్లు వచ్చినంత పనైంది. "తక్కువే. మనం చూసినవాటి లెక్కలో అసలు కరెంటే కాదు."

"రెండు తీగలంటున్నవ్. ఎర్త్ ఎక్కడిచ్చిండ్రు?"

"ఎర్త్ ఉండదు బాలూ."

"ఎర్త్ లేకుంట మనిషికి కనెక్షన్ ఇచ్చిండ్రా? వాడెవడు, వానికి లైసెన్సుందా?" అని లేచి లోపలికి పోయి టెస్టరు పట్టుకొచ్చాడు. ఇన్నేళ్ల అలవాటు, కోపం వేరు, పని వేరు. ముందు దాని కొనకు అయస్కాంతం ఉందా అని అడిగి, లేదన్నాకే ఒప్పుకున్నాను. టెస్టరు కొన నా పొట్ట మీద ఆనించి, వెనక వేలు పెట్టి, కళ్లు చికిలించి చూశాడు. అటు ఇటు నాలుగు చోట్ల పెట్టాడు. లైటు వెలగలేదు.

"సప్లయి లేదు," అన్నాడు గంభీరంగా. "మోసపోయినవ్ అన్నా."

అన్నా అన్నాడు! టెస్టరుకు అందేంత కరెంటు కాదని నేను చెబుతున్నాను గానీ, ఆ పిలుపు విన్నాక నాకే నా మాటల మీద శ్రద్ధ లేదు. తను అన్న మాట తనకే వినబడినట్టుంది, బాలు వెంటనే మూతి బిగించుకున్నాడు. "కరెంటు పెట్టినా పెట్టకపోయినా, తినేటోడు తింటడు, తిననోడు తినడు," అని టెస్టరు జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ మొదటికొచ్చింది వ్యవహారం.

ఇంతలో యాడి పిలిచింది. జొన్నరొట్టెలు, నాటుకోడి కూర, అన్నం, పప్పు. డాక్టరు వద్దన్నవన్నీ ఒక్క పళ్లెంలో బారులు తీరి ఉన్నాయి. నూనె పైకి తేలి మెరుస్తోంది. ఆ ఇంట్లో పద్ధతి ఏమంటే, వచ్చిన మనిషి తిని చెయ్యి కడిగేదాకా ఇంట్లోవాళ్లు ఎవరూ ముట్టరు. బాలు, అతని భార్య శాంతి, యాడి ముగ్గురూ ఎదురుగా కూచున్నారు.

"తిను బిడ్డా," అంది యాడి ఇంకో గరిటె కూర వేస్తూ. "పోయినసారి పళ్లెం అద్దం లెక్క ఖాళీ చేసినవట. నాకు యాదికుంది. అందుకే ఈసారి ఎక్కువ వండిన."

నేను బాలు వైపు చూశాను. బాలు పైకప్పు వైపు చూశాడు. ముసలావిడ ఎవరితోనో పొరబడిందనుకున్నాను.

చిన్న ముద్ద పెట్టుకున్నాను. నమిలి, నమిలి, పిండి చేసి మింగాను. ఇంకోటి. అరగంట అయ్యింది. శాంతి కడుపు గుర్రుమంది, ఆమె కొంగు అడ్డం పెట్టుకుంది. ముప్పావు గంట. "అన్నం చల్లగయితాంది" అని యాడి వేడిది వేసింది. తగ్గాల్సిన పళ్లెం పెరిగింది. గంట దాటాక బాలు మెల్లిగా, "ఇష్టం లేకుంటే లే అన్నా, బలిమి లేదు," అన్నాడు. ఈసారి అన్నా అన్న మాటలో తీపి లేదు.

అది విన్నాక నాకు పౌరుషం వచ్చింది. డాక్టరు లేడు, సుజాత లేదు, పీచు లేదు, నూనె లేదు. రొట్టె తుంచి కూరలో ముంచి గబగబా తిన్నాను. ఎన్నేళ్లయిందో అలా తిని! ఎంత రుచి! పళ్లెం ఊడ్చేసి చెయ్యి కడిగాను. యాడి మురిసిపోయింది. ముగ్గురూ వాళ్ల పళ్లాల మీద పడ్డారు. బాలు తలెత్తి నన్ను చూసి మొదటిసారి కాస్త నవ్వాడు. గెలిచానురా అనుకున్నాను.

ఆ గెలుపు గంటన్నర నిలిచింది. నాలుగున్నరకు నోట్లో నీళ్లూరడం మొదలైంది. నాకు ఆ గుర్తు బాగా తెలుసు. ఎవరికీ కనబడకుండా పోదామని మెల్లిగా లేచి పెరటి వైపు నడిచాను, నడక పరుగైంది, పత్తి చేను గట్టు మీద కూలబడ్డాను. రొట్టె, కోడి, పరువు, అన్నీ బయటికొచ్చాయి. బ్యాటరీ తన పని తాను చేసే ఉంటుంది, నేను దాని మీద బండెడు బరువు వేశాను. అంతా అయిపోయింది, ఇక ఈ జన్మలో బాలు నన్ను నమ్మడు అనుకుంటూ కళ్లు మూసుకున్నాను. సిగ్గుతో ఏడుపొచ్చింది.

నుదుటి మీద ఒక చెయ్యి పడింది. ఇంకో చెయ్యి వీపు నిమురుతోంది. బాలు.

"అయిపోయిందా? ఇంకున్నదా? కక్కు, కక్కు. ఆపకు."

ఇంకా ఉంది. అంతా అయ్యేదాకా అతను చెయ్యి తీయలేదు. చెంబుతో నీళ్లు తెచ్చి, ఈసారి నా చేతికే ఇచ్చాడు. పక్కనే గట్టు మీద కూచున్నాడు.

"ఆ రోజు గిట్లనే అయ్యిందా?"

"అవును. టేకులపల్లి దాటాక, రోడ్డు పక్కన కారు ఆపించి."

"మరి అంత దూరం పోయి ఎందుకు కక్కినవ్? మా గేటు ముంగటనే కక్కితే ఏం పోయె? నేను చూద్దును గదా!" అరిచాడు బాలు. నిజంగా అరిచాడు. "రెండేండ్లు నిన్ను తిట్టుకున్న. రోజూ తిట్టుకున్న. ఒక్క వాంతి నా కండ్ల ముంగట చేసుకుంటే అయిపోతుండె."

మంచి భోజనం తిని అరిగించుకుంటే పోతుందనుకున్న మచ్చ, అరక్క బయటపడితే పోయింది. సాయంత్రం నాకోసం అన్నం గంజిలా మెత్తగా ఉడికించి, చారు పోసి, చిన్న గిన్నెలో పెట్టారు. బాలు వాచీ చూసుకుంటూ కూచున్నాడు, రెండు గంటలకు ఒకసారి అయిదు చెంచాలు. యాడి మాత్రం ఒకటే గొణుగుడు. "పోయినసారి అంత మంచిగ తిన్నడు. ఈసారి ఎవరి దిష్టి తగిలిందో!"

భద్రాచలం: గట్టు మీద

మర్నాడు బాలు నన్ను ఒంటరిగా పంపనన్నాడు. ఇద్దరం బస్సులో భద్రాచలం పోయాం. గుడిలో తనిఖీ గేటు దగ్గర, కడుపులో మిషన్ ఉందని ఆసుపత్రివాళ్లిచ్చిన కార్డు నేను తీసేలోపే బాలు ముందుకు పోయి, "మా అన్న కడుపులో లైవ్ లైనుంది, అటునుంచి పంపుండ్రి," అని పెద్దగా చెప్పాడు. క్యూలో వాళ్లు నాలుగడుగులు జరిగారు. అంత సుఖంగా దర్శనం నాకెప్పుడూ కాలేదు. బయట ఇప్పపూల లడ్డూలు అమ్ముతున్నారు, ఒకటి ఇరవై. అడవి ఊళ్ల ఆడవాళ్లు చేసినవట. నేను గోరంత చప్పరించాను, మిగిలింది బాలుకిచ్చాను.

గోదావరి గట్టు మీద కూచున్నాం. నీళ్లు తక్కువగా ఉన్నాయి. నన్ను రాత్రంతా తొలుస్తున్న మాట అడిగాను.

"యాడి పోయినసారి పళ్లెం ఖాళీ చేశానంటుందేంది బాలూ? ఒక్క ముద్ద కదా తిన్నది!"

బాలు మిగిలిన లడ్డూ ముక్క నోట్లో వేసుకుని నీళ్ల వైపు తిరిగాడు.

"పొద్దుగాల నుంచి పొయ్యి కాడ నిలబడి వండింది అన్నా. నువ్వు లేచిపోయినవ్. ఆమె లోపలి నుంచి ఇంకింత కూర తెస్తాంది. ఆ పళ్లెం ఆమె చూస్తే ఏమైతుండె? నేను కూసున్న. నీ పళ్లెంల ఉన్నదంత నేనే తిన్న. ఆమె వచ్చేసరికి ఊడ్చి పెట్టిన. రాఘవన్న మొత్తం తిన్నడు యాడీ, డ్యూటీ ఉందని జల్దీ పోయిండు అని చెప్పిన."

నా మీద అంత కోపంతో ఉండి, నా ఎంగిలి పళ్లెం ముందు కూచుని, నా పేరు నిలబెట్టాడు. నేను అతని చెయ్యి పట్టుకున్నాను. ఏడ్చాను కూడా, దాచడమెందుకు?

"అంత కోపంలో ఎట్లా తిన్నావురా?"

"కోపంతోనే తిన్న. అది నాకు రెండేండ్లు అరగలే అన్నా."

"ఇప్పుడో?"

బాలు లేచి, లుంగీ దులుపుకుని, నాకు చెయ్యందించాడు.

"ఇప్పుడు మస్తు ఆకలైతాంది. లే, పోదాం."